గడియారం పొరబడితే దిద్దేది ఎవరు?

మన మదీనా నగరానికి ఉత్తర దిక్కున ఉహుద్ పర్వతం ఉంది. ఆ కొండ పేరునే పెట్టుకొన్న ఉహుద్ క్లబ్బు బాస్కెట్‌బాల్ క్రీడలో సౌదీ అరేబియా విజేతగా పలుమార్లు నిలిచింది. ఇదే నగరంలోని అన్సార్ క్లబ్బుకు కూడా బాస్కెట్‌బాల్ జట్టు ఉంది. ఆట జరుగుతున్నప్పుడు మన కన్నులు బంతి మీద, బుట్ట మీద నిలుస్తాయి. కాని ఆట ఎప్పుడు ముగియాలో చెప్పేది బంతి కాదు, గడియారం. ఆ గడియారమే పొరబడితే ఏమి చేయాలి? ఎవరు చేయాలి? బాలబాలికలారా, ఈ వ్యాసంలో ఆ సంగతి తెలుసుకుందాం.

ముందుగా గడియారం ఎలా నడుస్తుందో చూద్దాం. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆట నాలుగు భాగాలుగా సాగుతుంది. ఒక్కొక్క భాగం 10 నిమిషాలు. ఆట గడియారం మన గోడ గడియారం వలె ముందుకు నడవదు. 10 నిమిషాల నుండి సున్నా వరకు తగ్గుతూ వస్తుంది. ప్రతి భాగంలోని చివరి నిమిషంలో సెకనులో పదోవంతు కూడా కనిపిస్తుంది. దీనికి తోడుగా మరొక గడియారం ఉంటుంది. బంతి చేతికి వచ్చిన జట్టు 24 సెకన్లలోగా దానిని బుట్ట వైపు విసరాలి. ఆ సెకన్లను చూపేదే రెండవ గడియారం.

గడియారాన్ని ఎప్పుడు పడితే అప్పుడు నడపకూడదు. బయటి నుండి బంతిని లోపలికి విసిరినప్పుడు, అది విసిరినవాని చేతిని వదలిన క్షణాన కాదు, మైదానంలోని ఆటగానికి తగిలిన క్షణాన గడియారం కదలాలి. రెఫరీ ఈల వేయగానే అది ఆగాలి. నాలుగవ భాగంలోని చివరి 2 నిమిషాలలో బంతి బుట్టలో పడినప్పుడు కూడా ఆగాలి. మైదానం పక్కన బల్ల వద్ద కూర్చొనే సమయపాలకుడు ఈ పని చేస్తాడు. రెఫరీ అరచేయి పైకెత్తితే గడియారం ఆగాలని, ఎత్తిన చేతిని కిందికి దించితే నడవాలని ఆయనకు గుర్తు.

సమయపాలకుడు కూడా మనిషే. ఉత్కంఠలో మీట నొక్కడం మరచిపోవచ్చు. ఈల వినబడక గడియారాన్ని ఆపకపోవచ్చు. బంతి ఎవరికీ తగలకముందే నడిపించవచ్చు. ఒకటి రెండు సెకన్లే కదా అని అనుకోకండి. గడియారంలో 0.3 సెకను మిగిలి ఉంటే, లోపలికి విసిరిన బంతిని పట్టుకొని బుట్ట వైపు విసరడానికి ఆటగానికి అవకాశం ఉంటుంది. 0.2 సెకను మాత్రమే మిగిలితే పట్టుకొని విసరడానికి వీలు లేదు. గాలిలో ఉన్న బంతిని తట్టడమో, నేరుగా బుట్టలో వేయడమో మాత్రమే చేయాలి. సెకనులో పదోవంతు కూడా గెలుపు ఓటములను మార్చగలదన్నమాట.

ఈ క్రీడా చరిత్రలో పెద్ద వివాదం ఒకటి మూడే మూడు సెకన్ల గురించి జరిగింది. 1972లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. సెప్టెంబర్ 9 రాత్రి మొదలైన బాస్కెట్‌బాల్ ఫైనల్‌లో అమెరికా, సోవియట్ యూనియన్ తలపడ్డాయి. 1936లో ఒలింపిక్స్‌లో ఈ క్రీడ చేరిన నాటి నుండి అమెరికా ఒక్క ఆట కూడా ఓడలేదు. ఆటలో 3 సెకన్లు మిగిలి ఉండగా అమెరికా ఆటగాడు డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలు వేయడంతో అమెరికా 50–49తో ముందంజ వేసింది.

సోవియట్ జట్టు బంతిని లోపలికి విసిరింది. అంతలో బల్ల వద్ద గందరగోళం చెలరేగింది. తాము టైమౌట్ అడిగినా ఇవ్వలేదని సోవియట్ శిక్షకులు వాదించారు. బ్రెజిల్ దేశపు రెఫరీ రెనాటో రిగెట్టో 1 సెకను మిగిలి ఉండగా ఆట ఆపాడు. అప్పుడు అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ప్రధాన కార్యదర్శి విలియం జోన్స్ బల్ల వద్దకు వచ్చి గడియారంలో 3 సెకన్లు పెట్టమన్నాడు. ఆయన ఆ ఆటకు రెఫరీ కాడు. గడియారాన్ని ఇంకా సరిచేయకముందే బంతి మళ్ళీ ఆటలోకి వచ్చింది. బజరు మోగింది. గెలిచామనుకొని అమెరికా ఆటగాళ్ళు గంతులు వేశారు. కాని మళ్ళీ 3 సెకన్లు ఇచ్చారు. ఈసారి ఇవాన్ ఎదెష్కో మైదానం ఒక కొస నుండి మరొక కొసకు బంతి విసరగా, అలెగ్జాండర్ బెలోవ్ దానిని అందుకొని బుట్టలో వేశాడు. సోవియట్ జట్టు 51–50తో గెలిచింది. రిగెట్టో స్కోరు పత్రం మీద సంతకం చేయడానికి నిరాకరించాడు. అమెరికా ఫిర్యాదును ఐదుగురు సభ్యుల సంఘం 3–2 తేడాతో తోసిపుచ్చింది. అమెరికా ఆటగాళ్ళు వెండి పతకాలను స్వీకరించలేదు.

ఇందులో ఏ జట్టుది న్యాయమో తేల్చడం మన పని కాదు. పొరపాటును దిద్దే పద్ధతి తప్పితే, గెలిచినవారి గెలుపు మీద కూడా అనుమానపు నీడ పడుతుందని మాత్రం గ్రహించాలి.

మరి సరైన పద్ధతి ఏది? మొదటిది, పొరపాటు కంటపడిన వెంటనే తగిన సమయం చూసి రెఫరీ ఆట ఆపాలి. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. ఎక్కువసేపు ఆడిన తరువాత పోయిన సెకన్లను లెక్కకట్టడం కష్టం.

రెండవది, ఎంత సమయం పెట్టాలో ఆధారంతో నిర్ణయించాలి. మంచి రెఫరీ ఈల వేసిన ప్రతిసారీ గడియారం వైపు ఒకసారి చూసి ఆ అంకెను గుర్తుంచుకుంటాడు. పెద్ద పోటీలలో వీడియోను మళ్ళీ చూసి సమయాన్ని సరిచేసే వీలు కూడా ఉంది. ఒక్కొక్కసారి రెండవ గడియారమే సాక్ష్యం చెబుతుంది. ఒక ఉదాహరణ చూడండి. ఆట గడియారంలో 1 నిమిషం 10 సెకన్లు ఉండగా, ఒక జట్టు పూర్తి 24 సెకన్లతో బంతిని లోపలికి విసిరింది. రెండవ గడియారం నడిచింది కాని, ఆట గడియారం కదలలేదు. రెఫరీ గమనించి ఆట ఆపేసరికి రెండవ గడియారం 16 చూపుతోంది. 24లో నుండి 16 తీసివేస్తే 8. అంటే 8 సెకన్లు గడిచాయి. కనుక ఆట గడియారంలో 1 నిమిషం 2 సెకన్లు పెట్టాలి. ఇక్కడ ఊహ లేదు, వాదన లేదు. తీసివేత లెక్క ఉంది.

మూడవది, నిర్ణయం ప్రధాన రెఫరీది. ఆయన తోటి రెఫరీలను, బల్ల వద్ద ఉన్నవారిని అడిగి తెలుసుకోవచ్చు. శిక్షకుల కేకలను బట్టి, ప్రేక్షకుల గోలను బట్టి అంకె మార్చకూడదు. నోరున్నవాడిదే రాజ్యమైతే అది ఆట కాదు. నిర్ణయాన్ని ఇరుజట్లకూ వివరించి, గడియారం సరిగా మారిందని తన కళ్ళతో చూసుకొన్న తరువాతనే బంతిని ఆటలోకి ఇవ్వాలి. మ్యూనిక్‌లో జరగనిది ఇదే.

నాలుగవది, ఈ దిద్దుబాటుకు ఒక హద్దు ఉంది. ఆట ముగిశాక ప్రధాన రెఫరీ స్కోరు పత్రం మీద సంతకం చేసే వరకే సమయపు పొరపాట్లను సరిచేయవచ్చు. సంతకం పడిన తరువాత రెఫరీలు ఆ ఆటను ఇక ముట్టుకోరాదు.

రేపు మన బడి ఆటలో మీలో ఎవరో ఒకరు గడియారం పట్టుకొని కూర్చోవచ్చు. అప్పుడు మీట నొక్కడం మరచిపోతే భయపడి దాచకండి. వెంటనే రెఫరీకి చెప్పండి. దాని వలన మీ జట్టుకే రెండు సెకన్లు తగ్గినా సరే, చెప్పండి. చెప్పిన పొరపాటును తీసివేత లెక్కతో దిద్దవచ్చు. దాచిన పొరపాటును ఏ రెఫరీ దిద్దగలడు?

ఇప్పుడు ఈ లెక్క మీరు చేయండి: ఆట గడియారంలో 45 సెకన్లు ఉండగా పూర్తి 24 సెకన్లతో బంతిని లోపలికి విసిరారు. ఆట గడియారం కదలలేదు. ఆట ఆపేసరికి రెండవ గడియారంలో 11 ఉంది. ఆట గడియారంలో ఎన్ని సెకన్లు పెట్టాలి?