లక్కపిడతల రంగు

పిల్లలూ, మీ ఇంట్లో రేపు పారవెయ్యబోయే వస్తువులు ఒకసారి లెక్కపెట్టి చూడండి. రెండు కొబ్బరి చిప్పలుంటాయి, ఒక మందుసీసా, మూత పోయిన బిస్కట్ల డబ్బా ఉంటాయి. అటకమీద అంచు విరిగిన మట్టిముంత కూడా ఉన్నా ఉండవచ్చు.

గాజువాకలో మా పక్కవాటా అమ్మాయికి అలాంటి ముంతే ఒకటి దొరికింది. వాళ్ల పెద్దమ్మ కూతురి పెళ్లి పదిరోజుల్లో ఉన్నది. "అక్కకు నా చేత్తో చేసిందే ఇస్తాను" అని ఆ అమ్మాయి పట్టుబట్టింది. వంటింట్లో పసుపు తెచ్చి, నీళ్లలో కలిపి, ముంతకు నాలుగు పూతలు పూసింది. బంగారుముంత లాగే కనిపించింది! బాగా ఆరాలని దాన్ని ఎండ తగిలే కిటికీలో పెట్టింది. అయిదో రోజుకల్లా ఎండ తగిలినవైపు రంగు వెలిసి, ముంత మళ్లీ ముంతే అయింది.

"తాతగారూ, నా పసుపు ఎవరు తీసుకుపోయారు?" అంటూ ఏడుపుమొహంతో నా దగ్గిరికి వచ్చింది.

తీసుకుపోయినవాడు సూర్యుడే. పసుపుకు రంగునిచ్చే పదార్థాన్ని కుర్కుమిన్ అంటారు. వెలుతురు తగిలేకొద్దీ అది విరిగి వేరే పదార్థాలుగా మారిపోతుంది, వాటికి ఆ రంగు ఉండదు. పసుపుమరక పడిన చొక్కాను ఉతికి ఎండలో ఆరవేస్తే మరక మాయం కావటం మీరు చూసే ఉంటారు. అదే పసుపులో చిటికెడు సున్నం కలిపితే ఎర్రగా మారుతుంది. పెళ్లిళ్లలో కాళ్లకు పెట్టే పారాణి అదే.

ఆ అమ్మాయి ఊరుకునే రకం కాదు. మర్నాడు వాళ్ల గొడౌనులోనుంచి తుప్పుపట్టిన రంగుడబ్బా ఒకటి పట్టుకొచ్చింది. లోపల చిక్కటి పసుపురంగు! "ఇది ఎండకు వెలవదు కదా?" అన్నది. వెలవదు, నిజమే. కాని డబ్బా చాలా పాతది. పైగా వాళ్ల ఇంట్లో ఏడాదిన్నర పిల్లవాడున్నాడు. చేతికి దొరికింది దొరికినట్టు నోట్లో పెట్టుకుంటాడు.

నేను ఆ డబ్బాకు మూత బిగించి వాళ్ల నాన్నగారికి అప్పగించాను. ఎందుకో చెబుతాను, ఇది పెద్దవాళ్లు కూడా వినవలసిన మాట. నిగనిగలాడే పసుపు, ఎరుపు రంగుల్లో చాలాకాలం సీసపు లవణాలు కలిపేవారు. మందుసీసా కాదు, సీసమనే లోహం. పెచ్చుగానో దుమ్ముగానో అది పిల్లల కడుపులోకి పోతే మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. ఇంతవరకు పోయినా ఫరవాలేదు అని చెప్పదగిన మోతాదే లేదు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసం ఉండరాదని 2016లో నియమం చేశారు, 2017 నవంబరు నుంచి అది అమలులోకి వచ్చింది. అంతకు ముందటి డబ్బాలో ఏమున్నదో చూసి చెప్పలేం. అందుచేత పాతరంగు వేసి ఉన్న వస్తువును గరుకు కాగితంతో గీకటం కూడా మంచిది కాదు, లేచే దుమ్మే ప్రమాదం.

"అయితే బొమ్మలకు రంగులెట్లా వేస్తారు? పిల్లలు నోట్లో పెట్టుకోరూ?" అన్నది ఆ అమ్మాయి. మంచి ప్రశ్న. దానికి జవాబు మనకు దగ్గిరలోనే ఉన్నది.

గాజువాకనుంచి అనకాపల్లి, ఎలమంచిలి మీదుగా సుమారు 50 కిలోమీటర్లు పోతే వరాహనది ఒడ్డున ఏటికొప్పాక అనే గ్రామం వస్తుంది. మీరు ఆడుకునే లక్కపిడతలు, అమ్మమ్మల కుంకుమభరిణెలు, బొంగరాలు అక్కడ తయారవుతాయి. అంకుడుకర్రను ఆరబెట్టి, లేతుమిషను మీద గిరగిరా తిప్పుతూ ఉలితో చెక్కుతారు. రంగు వేసేటప్పుడు చూడాలి! కుంచె లేదు, తడి లేదు. రంగులక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమి పడతారు. రాపిడికి వేడి పుట్టి, లక్క కరిగి, కర్రకు పలచని తొడుగులాగా అంటుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది.

ఈ లక్క ఎక్కడిదనుకున్నారు? మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద వేలకు వేలుగా చేరే చిన్న పురుగులు తమ చుట్టూ కట్టుకునే గూడు అది. వేడికి కరుగుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, నిప్పు తగిలితే భగ్గున మండుతుంది. దుర్యోధనుడు పాండవుల కోసం లక్క ఇల్లు కట్టించింది ఈ గుణం తెలిసే గదా!

మధ్యలో కొంతకాలం రసాయనపు రంగులు ఈ బొమ్మల్లోకి కూడా వచ్చినాయి. చౌక, పని సులువు. అప్పుడు ఆ ఊరివారే అయిన సి. వి. రాజుగారు గింజలు, బెరళ్లు, వేళ్లు వెతికి, వాటి రంగులను లక్కలో ఇమిడ్చే పద్ధతులను మళ్లీ నిలబెట్టారు. జాఫ్రా గింజల నుంచి నారింజరంగు, నీలిమొక్క నుంచి నీలం, కాచు నుంచి గోధుమరంగు, పసుపుకొమ్ము నుంచి పసుపు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2023లో రాజుగారికి పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవంనాడు ఢిల్లీలో మన రాష్ట్రపు శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే.

అయితే మన ఇళ్లలో లేతుమిషను లేదు. మరి ముంత సంగతి?

ఎండకు వెలవని రంగు కావాలంటే మట్టినే అడగాలి. జేగురుమన్ను ఎర్రగా ఉండటానికి కారణం అందులోని ఇనుపతుప్పు. బైలడిల్లా కొండల నుంచి మన ఉక్కు కర్మాగారానికి వచ్చే ఖనిజపు ఎరుపూ అదే. ఒకసారి తుప్పయిన ఇనుమును ఎండ ఏమీ చెయ్యలేదు.

మేం గుప్పెడు జేగురు తెచ్చి, నీళ్లలో కలిపి, వంద అంకెలు లెక్కపెట్టేదాకా ఆగాం. ఇసుక అడుక్కు దిగింది. పైనున్న ఎర్రనీళ్లను వేరే గిన్నెలోకి వంచి రాత్రంతా వదిలేస్తే, తెల్లారేసరికి వెన్నలాంటి మెత్తని మన్ను పేరుకున్నది. దానిలో తుమ్మబంక నానేసిన నీళ్లు కలిపాం. బంక లేకపోతే ఆరిన రంగు చేతికి పొడిపొడిగా రాలుతుంది. తెలుపుకు సుద్ద, నలుపుకు దీపపుమసి. సున్నం జోలికి మటుకు పోలేదు, కంట్లో పడితే చాలా ప్రమాదం. ఈతపుల్ల కొసను రాయితో నలగగొడితే చక్కని కుంచె అయింది.

ముంతకు ఒంటినిండా సన్నని రంధ్రాలుంటాయి గనక రంగును పీల్చి పట్టుకుంటుంది. కొబ్బరిచిప్పకు పైపీచు గీకి నునుపు చేస్తే చాలు. గాజుసీసా అట్లా కాదు, రంగు ఆరగానే పెచ్చులు లేచిపోతుంది. దానిమీద ముందు పాతకాగితం ముక్కలు అంటించాలి. చింతగింజలు వేయించి, పొట్టుతీసి, నానబెట్టి, రుబ్బి ఉడికించిన జిగురు ఇందుకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కొండపల్లి బొమ్మల చేతులూ కాళ్లూ అతికేది చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపే. ఇక రేకుడబ్బాలంటారా, మన సముద్రపుగాలికి అవి లోపలినుంచే తుప్పుపడతాయి. నేనైతే వాటి జోలికి పోను.

ఈ రంగు నీళ్లు తగిలితే కరుగుతుంది. కాబట్టి పొడిగుడ్డతోనే తుడవాలి, తినే వస్తువులు అందులో పెట్టరాదు.

ఆ అమ్మాయి ఎర్రని ముంత మీద సుద్దతో చుక్కల ముగ్గు పెట్టి, మెడచుట్టూ మసితో చీమలబారు గీసింది. చీమ లెందుకని అడిగితే, "పెళ్లికి లడ్డూలుంటాయి గదా తాతగారూ" అన్నది. అంచు విరిగినచోట ఒక చీమ లోపలికి దిగుతున్నట్టు వేసింది. పెళ్లినాడు అక్క ఆ ముంతను అందరికీ తిప్పి తిప్పి చూపించింది. ఏడాదిన్నర తమ్ముడు మటుకు దాన్ని లాక్కుని ఒక చీమను నాకేశాడు. సుద్ద, మసి, మన్ను, బంక తప్ప అందులో ఏమీ లేవని తెలుసు గనక, ఆ అమ్మాయి వాడి మూతి తుడిచి, చెరిగిన చీమను మళ్లీ గీయటానికి కూర్చున్నది.