మీకు తెలుసా? చేపను బట్టి గాలం!

చిక్కబళ్ళాపురం జిల్లాలో ఏడాదంతా పారే నది ఒక్కటీ లేదు. ఇక్కడే పుట్టే చిత్రావతి, పాపాఘ్ని వానలు పడితేనే పారతాయి. అందుకే బాగేపల్లి, చింతామణి వైపు సరదాగా గాలం వేసేవారికి చెరువులే ఆధారం. ఏ చేపకు ఏ సరంజామా?

• బెండు గాలం: వెదురు కర్ర, నైలాన్ దారం, చిన్న కొక్కెం, బెండు, వానపాము ఉంటే చాలు. జిలేబి లాంటి చేపలు పడతాయి. బెండు మునిగిందంటే చేప ఎర అందుకున్నట్టే.

• అడుగు గాలం: రీలున్న రాడ్డు, సీసం గుండు కావాలి. ఎర తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్ద. బంగారుతీగ, ఎర్రమోసు అడుగున మేసే చేపలు.

• రబ్బరు కప్ప: వేటాడి తినే కొర్రమీనుకు ఇది. రీలు తిప్పుతూ కప్పను నీటిపైన గెంతించాలి. తూడులో చిక్కకుండా కొక్కెం కప్ప వీపుకు ఆనుకుని ఉంటుంది.

ఇది మరవద్దు: కొర్రమీను పిల్లలు నారింజ రంగు గుంపుగా నీటిపైన తిరుగుతుంటే, కిందనే పెద్ద చేపలు కాపలా కాస్తుంటాయి. వాటిని పడితే పిల్లలు ఇతర చేపల పాలవుతాయి. అక్కడ గాలం వేయకండి. లీజు చెరువైతే అనుమతి అడగండి. తెగిన దారం గట్టున పడేయకండి, కొంగల కాళ్ళకు చుట్టుకుంటుంది.