ముసలమ్మ కథయందలి కరుణరసము

సగటున ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మా యనంతపుర సీమలో చెఱువు నిండుటకంటె గొప్ప పండుగ లేదు. అట్టి నేలపై చెఱువు నిండుటయే విపత్తుగా మాఱి, యొక పడుచు దంపతులను విడఁదీసిన కథ కలదు. అదియే ముసలమ్మ కథ.

బుక్కరాయల కాలమున, 14వ శతాబ్దిలో, పండమేటికి అడ్డుగా బుక్కరాయసముద్రపు చెఱువు కట్టఁబడెను. ఒకప్పుడు వరదకు కట్ట తెగనుండఁగా, బసిరెడ్డి చిన్నకోడలు బలియైనఁగాని ఊరు నిలువదని దేవత పలికెనఁట. ఆ కోడలు ముసలమ్మ గండిలోఁ బ్రవేశించి ఊరిని గాచెను. బ్రౌనుదొర ప్రకటించిన యనంతపుర చరిత్రమునందలి యీ కథను గైకొని, కట్టమంచి రామలింగారెడ్డిగారు (1880–1951) విద్యార్థిదశలో, 1899 ప్రాంతమున, "ముసలమ్మ మరణము" అను చిన్న కావ్యము రచించిరి. ఇందలి రచనానైపుణ్యమును గూర్చి మాకుఁ దోఁచిన నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

మొదటిది పేరు. నాయిక నిండు యౌవనవతి, పేరు ముసలమ్మ. ముసలితనమును జూడని దానికి ఆ పేరే శాశ్వతమగుట విధి చేసిన పరిహాసము. కవి ఈ మోటు పేరును మార్చి లలితమైన పేరు పెట్టలేదు. మార్చియుండినచో కథకుఁ గల గాయము మానిపోయెడిది.

రెండవది వాన. మేఘదూతమున మబ్బు విరహులకు వార్తాహరుఁడు. ఇచ్చట మబ్బే విరహమునకు మూలము. ఏ నీటికై ఊరంతయుఁ జేతులు జోడించునో ఆ నీరే యిల్లాలిని గోరినది. కఱవుసీమవారికి ఈ వైపరీత్యము వివరింపఁ బనిలేదు.

మూఁడవది వీడ్కోలు. రఘువంశమున ఇందుమతి హఠాత్తుగా మరణించును; అటుపిమ్మట అజుఁడు విలపించును. ఆ విలాపమును వినుటకు ఆమె లేదు. ఇచ్చటనో, పోవునది యెదుటనే నిలిచి మాటలాడుచున్నది, దుఃఖించువారిని తానే యోదార్చుచున్నది. మరణమునకంటె ముందున్న యీ ఘడియయే కథకు గుండెకాయ.

నాలుగవది ముగింపు. సావిత్రికి సత్యవంతుఁడు దక్కెను. మరలఁ గలయుదుమను ఆశ యున్నచో విప్రలంభము, ఆశ తెగినచో కరుణ మని పెద్దలు చెప్పిరి. ఇందు ఏ దేవతయు నామెను దిరిగి యీయదు. కావ్యము శుభాంతము గావలెనను వాడుక బలముగా నున్న దినములలో పందొమ్మిదేండ్ల యువకుఁడు ఇట్లు ముగించుట సాహసమే.

ఇఁక మన స్త్రీలు తలంపవలసిన దొకటి కలదు. ఊరు గాచుటకు కోడలే యేల కావలసివచ్చెను? పొలములు గలవారు, కట్ట మేలుకీళ్లు చూడవలసినవారు లేకపోయిరా? ఈ ప్రశ్న కవి నోట వినరాదు. ఐనను ఆయన ఆమెను నోరులేని బలిపశువును జేయలేదు. నిశ్చయము ఆమెదే యనిపించెను. అంతమాత్రముననే "ఎంత పుణ్యము!" అని మనము సంతసించి లేచిపోవుటకు వీలులేదు. ఆ యింటివారి దుఃఖము మనలను ఆపుచున్నది. త్యాగమును గొనియాడువారికి దాని వెల చూపుటయే ఆ దుఃఖవర్ణనకుఁ గల ప్రయోజనము.

జనులు ముసలమ్మను దేవతగాఁ గొలిచిరి. దేవతయైనపిదప ఆమె యొకరి భార్య యనియు, బ్రదుకవలసిన పిల్ల యనియు మఱచుట సులభము. ఆ మఱపును దొలఁగించి, దేవతలోని పడుచును మనకు మరలఁ జూపినందుననే యీ చిన్న కావ్యము పెద్దదైనది. మన యాఁడుపిల్లలచేత దీనిని జదివింపుఁడు. చదివించి, పయి ప్రశ్నను గూడ వారి నడుగుఁడు.