గుత్తి సాలీడు

మన పాఠకులలో పెక్కుమంది గుత్తి జంక్షను మీదుగా ప్రయాణం చేసినవారే. ఆ ఊరి కోట సంగతి అందరమూ ఎరుగుదుము. ఆ ఊరి పేరిట ఒక సాలీడు ఉన్నదని మాత్రం మాకు ఆలస్యంగా తెలిసినది.

అక్కడ దొరికిన పెద్ద సాలీడు నొకదానిని పోకాక్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు పరీక్షించి, 1899లో కొత్త జాతిగా వర్ణించినాడు. దాని నీలి లోహకాంతిని బట్టి ‘పీసిలోథీరియా మెటాలికా’ అని పేరు పెట్టినాడు. టరాంటులా అనే ఈ రకపు సాలీళ్లలో జాతిని తేల్చుటకు రంగొక్కటే చాలదు. కాళ్ల అడుగున ఉండే పట్టెల వరుసను, జననాంగాల తీరును ఇతర జాతులతో పోల్చి చూడవలెను.

పేరైతే కుదిరినది గాని, ఇల్లు తెలియలేదు. సుమారు నూరేండ్లు అది మరల కనబడలేదు. తుదకు నంద్యాల, గిద్దలూరుల నడుమ కొండ అడవిలో, చెట్టు తొర్రలలో దొరికినది. కలపతోపాటు రైలెక్కి గుత్తి చేరి ఉండునని శాస్త్రజ్ఞుల ఊహ.

దానికి తెలిసిన నివాసం 100 చదరపు కిలోమీటర్లకు లోపే. అక్కడ చెట్లు నరుకుట వలన, పెంపకానికి పట్టి అమ్ముట వలన, 2008లో దీనిని అత్యంత ప్రమాదస్థితిలోనున్న జాతుల పట్టికలో చేర్చినారు.

ఇంటిపేరొక ఊరిది, కాపురం వేరొక చోట: ఇది మనకు వింత గాదు. అయితే మనకు పోవుటకు వేరు ఊళ్లున్నవి. దానికి ఆ అడవి ఒక్కటే.