సీసాలకు ముసుగు వేస్తే...!

మన సినిమాల్లో సీసా కనిపించిందంటే రెండే అర్థాలు. హీరోగారి ప్రేమ విఫలమైందన్నా అయివుండాలి, విలన్ డెన్‌లో డాన్సు మొదలవబోతోందన్నా అయివుండాలి! 1953 నాటి ‘దేవదాసు’ చేతికెక్కిన సీసా ఆ తర్వాత ఎన్ని చేతులు మారిందో లెక్క లేదు. కాని ఆ సీసాలో వున్నదేమిటి, ఏ వూళ్లో తయారైంది, ఎన్నేళ్ల నాటిది అని ఒక్క ప్రేక్షకుడూ అడిగిన పాపాన పోలేదు. అడగాల్సిన అవసరమూ రాలేదు.

అలాంటిది, సీసానే కథానాయకుణ్ణి చేసి హాలీవుడ్‌లో ఒక సినిమా తీశారంటే నమ్ముతారా? 2008లో వచ్చిన ఆ సినిమా పేరు ‘బాటిల్ షాక్’. దర్శకుడు రాండల్ మిల్లర్. ‘హారీ పాటర్’ సినిమాల్లో ప్రొఫెసర్ స్నేప్‌గా పిల్లల్ని హడలగొట్టిన అలాన్ రిక్‌మన్ ఇందులో పారిస్‌లో వైన్ కొట్టు నడుపుకునే ఇంగ్లీషువాడి పాత్ర వేశాడు. అది కల్పిత పాత్ర కాదు. స్టీవెన్ స్పరియర్ అనే ఆయన నిజంగానే వున్నాడు. 2021లో పోయాడు. సినిమాలో చూపించినదానికంటే అసలు జరిగిన కథే రసవత్తరంగా వుంటుంది. పైగా సినిమా ముగిసిన చోట అసలు కథ ముగియలేదు. అదీ తమాషా!

పారిస్‌లో పంచాయితీ

1976 మే 24. పారిస్ నగరం, ఇంటర్‌కాంటినెంటల్ హోటల్. అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చి రెండువందల ఏళ్లు నిండుతున్న సంవత్సరం అది. ఆ సందర్భంలో కాలిఫోర్నియా వైన్లను ఫ్రెంచి పెద్దలకు రుచి చూపిద్దామని స్పరియర్‌కూ, ఆయన దగ్గర పనిచేసే ప్యాట్రీషియా గల్లఘర్ అనే అమెరికన్ అమ్మాయికీ ఆలోచన వచ్చింది.

తొమ్మిదిమంది న్యాయనిర్ణేతలు. అందరూ హేమాహేమీలే! ఒకరు ప్రపంచంలోకెల్లా ఖరీదైన వైన్లు చేసే రొమానీ కాంతి తోటల యజమానుల్లో ఒకరైన ఒబేర్ ద విలేన్. ఒకరు పేరుమోసిన వంటవాడు రేమాన్ ఒలివియే. మరొకరు ఫ్రాన్సులో వైన్ పత్రిక నడిపే ఒడెట్ కాన్ అనే ఆవిడ. తక్కినవాళ్లూ తక్కువవాళ్లేం కాదు.

వాళ్లు వచ్చింది సరదాగా అమెరికా సరుకు చూసిపోదామని. తీరా కూర్చున్నాక స్పరియర్ చల్లగా చెప్పాడు: “వీటిలో కొన్ని మన ఫ్రెంచి వైన్లు కూడా కలిపాను. ఏది ఏదో చెప్పకుండా పోయిస్తాను. అభ్యంతరం లేదు కదా?” అని. ఎవరూ కాదనలేదు. ఎందుకంటారు? తల్లి చేతి వంటను ఏ బిడ్డయినా పోల్చుకోలేడా!

తెల్ల వైన్లు పది. అందులో ఆరు కాలిఫోర్నియావి, నాలుగు ఫ్రాన్సులోని బర్గండీవి. ఎర్ర వైన్లు పది. వాటిలోనూ ఆరు కాలిఫోర్నియావి, నాలుగు బోర్డోవి. ఒక్కోదానికి ఇరవై మార్కులు. గ్లాసులో కాస్త పోస్తారు. రంగు చూడాలి, గ్లాసు తిప్పి వాసన చూడాలి, ఒక గుక్క నోట్లో పుక్కిలించి పక్కనున్న బక్కెట్లో వూసెయ్యాలి. మింగితే పదో గ్లాసు దగ్గర న్యాయమూర్తే ముద్దాయి అవుతాడు! కనుక ఇది తాగుబోతుల వ్యవహారం కాదు, నాలుకకు పెట్టే పరీక్ష.

పరీక్ష మొదలైంది. కాలిఫోర్నియా నాపా లోయలో పండిన వైన్‌ను ఒకాయన చప్పరించి, హమ్మయ్య, మళ్లీ ఫ్రాన్సుకొచ్చి పడ్డానన్నాడు. అసలైన బర్గండీ వైన్‌ను వాసన చూసి ఇంకొకాయన, ఇది కచ్చితంగా కాలిఫోర్నియాదే, బొత్తిగా వాసనే లేదని పెదవి విరిచాడు. మూల కూర్చుని ఇదంతా రాసుకుంటున్నవాడు ఒకే ఒక్క విలేకరి. ‘టైమ్’ పత్రిక తరఫున వచ్చిన జార్జ్ టేబర్. ఏ గ్లాసులో ఏముందో రాసిన జాబితా అతని చేతిలో వుంది. పాపం, పెద్దలకు అది లేదు.

తెల్ల వైన్లలో మొదటి స్థానం... షాటో మాంటెలీనా, 1973, కాలిఫోర్నియా! తొమ్మిదిమందిలో ప్రతి ఒక్కరూ తమ అత్యధిక మార్కులు ఏదో ఒక కాలిఫోర్నియా వైన్‌కే వేశారు.

ఈ ఫలితం ఎర్ర వైన్లు పొయ్యకముందే చదివేశారు. ఇక చూడండి, పెద్దలు వొళ్లు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. ఈసారి అమెరికా వాటిని పట్టుకుని తీరాలని పట్టుదల. అయినా గెలిచింది స్టాగ్స్ లీప్, 1973. అదీ కాలిఫోర్నియాదే! అది 127.5 మార్కులు తెచ్చుకుంటే రెండో స్థానంలో నిలిచిన షాటో మూటాన్ రోత్‌షీల్డ్, 1970కి వచ్చినవి 126. బోర్డో వైన్లకు 1855లోనే తరగతులు నిర్ణయించారు. ఆ తర్వాత మొదటి తరగతిలోకి కొత్తగా ఎక్కింది 1973లో ఈ మూటాన్ ఒక్కటే. అంతటి ఘన చరిత్ర గల సీసాను ఓడించిన స్టాగ్స్ లీప్ తోటలో తీగలు నాటింది 1970లో! అంటే గెలిచిన వైన్ మూడేళ్ల తీగలకు కాసిన పండ్లది.

ఒడెట్ కాన్ తన మార్కుల కాగితాలు తిరిగి ఇచ్చెయ్యమని పట్టుబట్టింది. స్పరియర్ ఇవ్వలేదు.

వెలుగు చూడని వీరులు

‘బాటిల్ షాక్’లో ఇదంతా మాంటెలీనా యజమాని జిమ్ బారెట్, అతని కొడుకు బో... ఈ తండ్రీకొడుకుల కథగా తిప్పేశారు. తండ్రి బిల్ పుల్‌మన్, కొడుకు క్రిస్ పైన్. ప్రేమ, కోపతాపాలు, అప్పులు, మసాలా అన్నీ సమపాళ్లలో పడ్డాయి. తప్పులేదు, సినిమా సినిమాయే.

కాని ఆ గెలిచిన తెల్ల వైన్‌ను స్వయంగా తయారుచేసిన మనిషి మైక్ గర్గిచ్ ఆ సినిమాలో దాదాపు లేనేలేడు! క్రొయేషియాలో మారుమూల పల్లెలో పుట్టి, 1958లో కాలిఫోర్నియా చేరి, ఒకరి దగ్గర కాకపోతే ఒకరి దగ్గర పనిచేస్తూ పైకొచ్చినవాడు. పారిస్ గెలుపు తర్వాతే సొంతంగా వ్యాపారం పెట్టుకోగలిగాడు. నూరేళ్లు నిండు జీవితం గడిపి 2023లో కన్నుమూశాడు. ఎర్ర వైన్‌తో గెలిచిన వారెన్ వినియార్‌స్కీదీ కథే. చికాగో యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకునే మనిషి, 1964లో ఆ వుద్యోగం వదిలి పెళ్లాం పిల్లలతో నాపా లోయకొచ్చి పీపాలు కడగడం దగ్గర్నుంచి నేర్చుకున్నాడు. సినిమా తెల్ల వైన్ చుట్టూనే తిరిగింది గనుక ఆయనకూ చోటు దక్కలేదు. గెలిచిన ఆ రెండు వైన్ల సీసాలు మాత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లో, అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియంలో వున్నాయి.

“పదేళ్లాగి చూడండి!”

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఓడినవాళ్లు ఒక మాట అన్నారు. అది కేవలం వుక్రోషంతో అన్న మాట కాదు, అందులో పస వుంది. “మా బోర్డో వైన్లు పసివయసులో తాగేవి కావు. ఏళ్లు గడిస్తేగాని వాటి గొప్పతనం బయటపడదు. మీ కాలిఫోర్నియావి ఇవాళ మెరుస్తాయి, రేపు చస్తాయి!” అన్నారు.

ఇందులో నిజమెంత? ఎర్ర వైన్‌కు ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ వగరు వస్తుంది. కొత్తలో అది నాలుకను పట్టేస్తుంది. పచ్చి వక్క నమిలినట్టు! సీసాలో ఏళ్ల తరబడి నిలవ వుంటే ఆ వగరు, రంగు ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి అడుగున మడ్డిగా దిగుతాయి. ముదురు ఎరుపు క్రమంగా ఇటుక రంగుకు తిరుగుతుంది. పండు వాసన తగ్గి, ఎండుటాకులు, తోలు, పొగాకు, తడిమట్టి లాంటి వాసనలు పైకొస్తాయి. బిరడా మంచిదైతే, సీసా చల్లని చీకటి గదిలో పడుకోబెట్టి వుంటే ఈ మార్పు నిదానంగా సాగుతుంది. లేకపోతే సరాసరి పులిసిపోయి వూరుకుంటుంది. అన్ని వైన్లూ వయసుతో పెద్దమనుషులు కావు. చాలావరకు ముసలివి అవుతాయంతే!

కాబట్టి తేల్చే దారి ఒక్కటే. ఆగి చూడటం. 1986లో, పదేళ్లకు, న్యూయార్క్‌లో అవే ఎర్ర వైన్లను స్పరియర్ మళ్లీ ముసుగు వేసి పోయించాడు. ఈసారీ కాలిఫోర్నియాదే గెలుపు. క్లో ద్యు వాల్, 1972. అయినా అభ్యంతరం ఆగలేదు. పదేళ్లు ఒక వయసా అన్నారు.

సరే, ముప్పయ్యేళ్లు! 2006 మే 24న, సరిగ్గా అదే తేదీన, లండన్‌లో ఒక బృందం, నాపాలో ఒక బృందం. రెండు చోట్లా అవే పది ఎర్ర వైన్లు. రుచి చూసినవాళ్లలో మైకేల్ బ్రాడ్‌బెంట్, హ్యూ జాన్సన్, జాన్సిస్ రాబిన్సన్ వంటి ఉద్దండులు వున్నారు. 1976లో మార్కులు వేసిన మిషెల్ దోవాజ్, క్రిస్టియన్ వన్నెకే కూడా మళ్లీ వచ్చి కూర్చున్నారు.

ముప్పై ఏళ్లు దాటిన సీసా బిరడా లాగడమంటే గుండె చిక్కబట్టుకోవలసిన పని. బిరడా పొడి పొడిగా రాలిపోవచ్చు. మడ్డి కదలకుండా నెమ్మదిగా వొంపాలి. మరీ ముందుగా తీస్తే గాలి తగిలి వున్న కాస్త వాసనా ఎగిరిపోతుంది. ఇంతా చేసి ఆ సీసా చచ్చిన సీసా అయితే చెయ్యగలిగిందేమీ లేదు. కాలిఫోర్నియా వైన్లు ఈసారి చతికిలపడతాయని చాలామంది అనుకున్నారు.

ఫలితం? మొదటి అయిదు స్థానాలూ కాలిఫోర్నియావే! ఆరో స్థానంలో మూటాన్. అన్నిటికంటే పైన నిలిచింది రిడ్జ్ మాంటె బెల్లో, 1971. అదీ చెప్పుకోదగ్గ ఆధిక్యంతో. 1976లో ఈ రిడ్జ్ అయిదో స్థానంలో వుంది. అప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్లే తక్కువ. “మావి ఏళ్లు గడిస్తేగాని బయటపడవు” అన్న ఫ్రెంచివారి మాట అక్షరాలా నిజమైంది. కాకపోతే వేరేవాళ్ల సీసా విషయంలో నిజమైంది!

నాలుకా, నీవెక్కడ?

అయితే ఇంతటితో కాలిఫోర్నియా గొప్పది, ఫ్రాన్సు తక్కువది అని తీర్పు చెప్పేస్తే మనమూ ఆ పెద్దల్లాగే పప్పులో కాలేసినట్టే. ముసుగు పరీక్ష సీసాలనే కాదు, నాలుకలనూ బయటపెడుతుంది.

బోర్డో విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. ఫలితాలు 2001లో వచ్చాయి. తెల్ల వైన్‌లో రుచీ వాసనా లేని ఎర్రరంగు కలిపి, వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు ఇచ్చారు. వాళ్లంతా దాన్ని ఎర్ర వైన్లకు వాడే మాటలతోనే వర్ణించారు. కన్ను చెప్పింది, ముక్కు తలూపింది!

కాలిఫోర్నియాలోనే రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ప్రొఫెసర్ మరో పని చేశాడు. ఆ రాష్ట్రపు వైన్ పోటీలో న్యాయనిర్ణేతలకు ఒకే సీసాలోది మూడుసార్లు, ఏది ఏదో తెలియకుండా పోయించాడు. మూడుసార్లూ ఇంచుమించు ఒకే మార్కు వెయ్యగలిగినవాళ్లు నూటికి పదిమంది మాత్రమే! 2008లో ఈ సంగతి బయటపెట్టాడు. మిగతావాళ్లు చేతగానివాళ్లని కాదు. పొద్దున్నుంచీ పుక్కిలిస్తున్న నాలుక అలిసిపోతుంది. ముందు తాగినదాన్నిబట్టి తర్వాతది మారిపోతుంది. మనిషి యంత్రం కాదు.

అందుకే వైన్ మీద ప్రేమ వున్నవాళ్లు ఏ దేశంలోనైనా పదిమంది కలిసి కూర్చునే చోట కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంటారు. సీసాలకు కాగితం సంచి తొడగాలి. అంకె తప్ప గుర్తు వుండకూడదు. అందరివీ ఒకేలాంటి గ్లాసులు కావాలి. మార్కులు వేసేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. ఎందుకంటే గదిలో ఒక పెద్దమనిషి “ఆహా” అంటే పక్కనున్న తొమ్మిది నాలుకలూ “ఆహా” అంటాయి! చివర్లో సంచులు తీసినప్పుడు మొహాలు చూడాలి. అరుదైన సీసా తెచ్చి తక్కువ మార్కు తనే వేసుకున్నవాడు నవ్వగలిగితే, అతనే ఆ బృందంలో అసలైన రసికుడు.

1976లో అలా నవ్వలేకపోయినవాళ్లను చూసి మనం నవ్వుకోవచ్చు. కాని ఒక్క మాట. వాళ్లు లంచం తిని మార్కులు వెయ్యలేదు. తమ నాలుకకు ఏది నచ్చిందో నిజాయితీగా వేశారు. లేబుల్ కప్పివున్నంతసేపూ వాళ్లు గొప్ప న్యాయమూర్తులు. లేబుల్ చూశాకనే ఇబ్బందిపడ్డారు.

మనమంతా ఏం తక్కువ తిన్నాం? టైటిల్ కార్డులన్నీ తీసేసి, హీరో ఎవరో, దర్శకుడెవరో, సంగీతం ఎవరిదో చెప్పకుండా ఒక సినిమా వేస్తే... మొదటి ఆట ఈలలు ఎక్కడ పడతాయి? విడుదలైన వారానికే డబ్బాలు తిరిగొచ్చిన సినిమాలు ముప్పయ్యేళ్ల తర్వాత అందరికీ ముద్దొస్తున్నాయే, మారింది సినిమానా, మనమా?

రిడ్జ్ 1971 ముప్పయ్యేళ్లు చీకట్లో పడుకుని జవాబు చెప్పింది. మన జవాబు ఏమిటో... తెర మీద పేర్లు పడకముందే ఆలోచించుకుందాం!