పక్కింటి పిల్లల కోసం ఫోన్ చేయొచ్చా?

పక్క వాటా తలుపు తీసినప్పుడల్లా వాసన గుప్పుమంటుంది. రెండేళ్ల పిల్లాడు ఎంగిలి గిన్నెల మధ్య కూర్చుని నేల మీద ఏదో ఏరుకు తింటుంటాడు. వాడి అక్కకి తలంతా పేలు, వేళ్ల సందుల్లో గజ్జి, బడికి వెళ్లి వారం దాటింది. చూసినవాళ్లం మామూలుగా రెండే పనులు చేస్తాం. ‘మనకెందుకులే’ అని తలుపేసుకుంటాం. లేదంటే సాయంత్రం డాబా మీద నలుగురం చేరి ఆ తల్లిని ఆడిపోసుకుంటాం. మూడో పని చేయనివ్వకుండా మనల్ని పట్టి ఆపేవి చాలావరకు అపోహలే.

అపోహ: ఇల్లు మురికిగా ఉందంటే పిల్లల్ని గాలికొదిలేసినట్టే.

వాస్తవం: ఈ ఒక్క మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. కొళాయి రెండు రోజులకోసారి వచ్చే బస్తీలో, ఒకే గదిలో ఐదుగురు బతికే ఇంట్లో, చెమ్మ దిగిన గోడల మధ్య శుభ్రత అంటే నీళ్లు, చోటు, తీరిక. అవి లేకపోవడం పేదరికం. పేదరికం నేరం కాదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ‘సంరక్షణ, రక్షణ అవసరమైన బాలలు’ అంటే ఎవరో వివరంగా చెబుతుంది. పిల్లలు తమని హింసించినవారితోనో, పట్టించుకోనివారితోనో ఉంటున్నారా, కన్నవాళ్లు చూసుకోలేని స్థితిలో ఉన్నారా అని అడుగుతుంది తప్ప, ఇల్లు ఎంత శుభ్రంగా ఉండాలో కొలత పెట్టలేదు.

మన కళ్లు కూడా మనల్ని మోసం చేస్తాయి. పేలు శుభ్రమైన తలలోనూ పడతాయి. గజ్జికి ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోకపోతే, పిల్లకి ఎంత స్నానం చేయించినా మళ్లీ అంటుకుంటుంది. డెంగీ దోమ గుడ్లు పెట్టేది మురుగు కాలువలో కాదు, నిల్వ ఉన్న మంచినీళ్లలో. గ్రానైట్ పరిచిన ఫ్లాటులో కూలరు అడుగున నిలిచిన నీళ్ల గురించి మాత్రం డాబా మీద ఎవరూ మాట్లాడరు.

మరి దేన్ని చూసి ఆందోళన పడాలి? ఉతకని బట్టల గుట్ట వల్ల పిల్లాడికి ఏమీ కాదు. వాడు పాకే నేల మీద రోజుల తరబడి మలం ఉంటే అవుతుంది. కూల్‌డ్రింక్ సీసాలో పోసిన కిరోసిన్, మూతలేని సంపు, చేతికందే తెగిన కరెంటు తీగ, రాత్రిళ్లు ఎలుకలు కొరికిన గాట్లు, నెలల తరబడి మందు పడని పుళ్లు, వేళకి అన్నం లేక ఇంటింటికీ వచ్చి అడిగే పిల్ల: ఇవీ లెక్కలోకి రావలసినవి. పిల్లల వయసు కూడా చూడాలి. పన్నెండేళ్లవాడు తప్పించుకోగలిగిన ప్రమాదం పాకే పిల్లాడి ప్రాణం తీస్తుంది. ప్రాణం మీదికొచ్చే సంగతైతే తప్ప ఒక్కరోజు చూసి తీర్పు చెప్పకండి. ఇంట్లో జ్వరమో చావో వస్తే ఎవరి వంటిల్లయినా అలాగే ఉంటుంది.

అపోహ: ఎవరికీ చెప్పకుండా నేరుగా ఫిర్యాదు చేయడమే సరైన పద్ధతి.

వాస్తవం: ముంచుకొచ్చే ప్రమాదం లేనప్పుడు ముందు మనిషిని పలకరించాలి. “ఏమ్మా, పిల్లాణ్ణి కాసేపు మా ఇంట్లో ఆడించనా? ఈలోపు నువ్వు పని చూసుకో” అంటే ఆమె ఏం జవాబిస్తుందో వినండి. కాన్పయిన దగ్గర్నుంచి మంచం దిగబుద్ధి కావడం లేదని చెప్పుకుని ఏడ్చే తల్లి బద్ధకస్తురాలు కాకపోవచ్చు, మానసికంగా కుంగిపోయి ఉండొచ్చు. 2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 అలాంటివారి కోసమే. వీధిలో అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త ఉంటారు. ఏ ఇంట్లో ఏ పిల్లాడు బరువు తగ్గాడో మనకంటే వాళ్లకే బాగా తెలుసు, వాళ్లు గుమ్మం తొక్కినా ఎవరూ తప్పు పట్టరు.

ఈ మెత్తటి దారి అన్ని ఇళ్లకీ పనికిరాదు. తాగొచ్చి పిల్లల్ని చావబాదే ఇంట్లో, లైంగిక వేధింపు అనుమానం ఉన్న ఇంట్లో ముందుగా వెళ్లి మాట్లాడితే ఆ కోపం పిల్లల మీదే పడుతుంది. అక్కడ మాటామంతీ వద్దు, ఫోనే.

అపోహ: ఫోన్ చేస్తే పిల్లల్ని ఎత్తుకుపోయి హోంలో పడేస్తారు.

వాస్తవం: ఎక్కువమంది చెయ్యి వెనక్కి లాగేది ఈ భయమే. అమెరికాలో ఉన్న బంధువులు చెప్పే కథలు కూడా దీనికి తోడయ్యాయి. అక్కడ టీచర్లకీ డాక్టర్లకీ అనుమానం వస్తే చెప్పి తీరాలన్న నిబంధన ఉంది, విచారణకు వేరే యంత్రాంగం ఉంది. ఇక్కడి చట్టం హోంకు పంపడం చిట్టచివరి మార్గమని స్పష్టంగా రాసుకుంది. నిర్ణయించేది బాలల సంక్షేమ సమితి: ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, వాళ్లకు మేజిస్ట్రేటు అధికారాలు. కుటుంబ పరిస్థితి మీద విచారణ 15 రోజుల్లో పూర్తి కావాలి, తుది ఉత్తర్వు 4 నెలల్లోపు రావాలి. పిల్లల్ని కన్నవాళ్ల దగ్గరే ఉంచి, అప్పుడప్పుడు అధికారి వచ్చి చూసేలా కూడా సమితి ఉత్తర్వివ్వొచ్చు. అర్హత ఉన్న కుటుంబానికి మిషన్ వాత్సల్య పథకం కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం అందే వీలుంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు పిల్లల్ని ఇంటి నుంచి తీసుకెళ్లడమూ ఉంటుంది. ఆ మాట దాచడం ఎందుకు?

అపోహ: చెప్పినవాళ్లే సాక్ష్యాలు తేవాలి, స్టేషన్ చుట్టూ తిరగాలి.

వాస్తవం: పిల్లల సహాయవాణి 1098కి రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయొచ్చు. 1996లో ముంబయిలో మొదలైన ఈ సేవను 2023 నుంచి ప్రభుత్వాలే నడుపుతున్నాయి, అత్యవసర నంబరు 112తో కలిపారు. పేరు చెప్పకుండానే విషయం చెప్పొచ్చు. నిజానిజాలు తేల్చడం వాళ్ల పని. మీరు తీర్పులు మానేసి చూసింది చెప్పండి. “ఆ ఇల్లు నరకమండీ” అంటే వినేవాళ్లకి ఏమీ తెలియదు. “మంగళవారం మధ్యాహ్నం నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా మూడేళ్ల పాప ఒక్కతే లోపలుంది, బయట గడియ పెట్టారు, రామాలయం పక్క సందు” అంటే దారి దొరుకుతుంది. నాలుగిళ్ల సందులో ఫోన్ చేసిందెవరో ఊహించేవాళ్లు ఉంటారు, నిజమే. ఆ ఇబ్బందికి సిద్ధపడే చేయాలి.

అపోహ: ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: పని కాదు, పరువు పోతుంది. అదీ ఆ పిల్లలది. ఇలాంటి పిల్లల గుర్తింపు బయటపెడితే 6 నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అపోహ: చెప్పడం, చెప్పకపోవడం పూర్తిగా మన ఇష్టం.

వాస్తవం: మురికి ఇంటి విషయంలో ఇరుగుపొరుగు చెప్పలేదని శిక్షించే నిబంధన లేదు. లైంగిక నేరం సంగతి వేరు. తెలిసీ దాచిపెడితే 2012 పోక్సో చట్టం కింద 6 నెలల దాకా జైలు శిక్ష ఉంది. నా అన్నవాళ్లు లేకుండా దొరికిన బిడ్డ గురించి కూడా 24 గంటల్లోపు చెప్పి తీరాలి.

మీ వీధి అంగన్‌వాడీ టీచర్ నంబరు మీ ఫోన్‌లో ఉందా? లేకపోతే రేపు పొద్దున కేంద్రం తెరిచే వేళకి వెళ్లి అడిగి రాసుకోండి.