చదువు వద్దనే పిల్లలకు డిగ్రీ: ఒక్కో ఏడాదిగా ఆలోచిద్దాం

నంద్యాల జిల్లా పగిడ్యాల నుంచి డిగ్రీకి వెళ్ళాలంటే దగ్గర్లో నందికొట్కూరు ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. ఇంకొంచెం అవతల ఆత్మకూరు. పట్నమే కావాలంటే నంద్యాల, కర్నూలు. నంద్యాలలో పీఎస్సీ అండ్ కేవీఎస్సీ ప్రభుత్వ కళాశాల, కర్నూలులో సిల్వర్ జూబ్లీ కళాశాల, కేవీఆర్ మహిళా కళాశాల ఉన్నాయి. ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇంట్లో మాటలన్నీ ఈ పేర్ల చుట్టూ తిరుగుతాయి. ఏ కాలేజీ, ఏ గ్రూపు, ఏ హాస్టల్? ఈలోగా చదవాల్సిన పిల్లవాడు ‘నాకు ఇంక చదువు వద్దు’ అంటాడు. పెద్దలు కోప్పడతారు, లేదా బతిమాలతారు. చివరికి ఏదో ఒక కాలేజీలో చేర్పిస్తారు. రెండో సెమిస్టరు వచ్చేసరికి వాడు కాలేజీ మానేస్తాడు. డబ్బు పోతుంది, ఏడాది పోతుంది, సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉండిపోతాయి.

ఇలా జరగకుండా డిగ్రీని ఎలా ప్లాన్ చేయాలన్నదే ఈ వ్యాసం. ముందుగా నా అభిప్రాయం చెబుతాను. ఇష్టం లేని విద్యార్థికి మూడేళ్ళ డిగ్రీ కొనకూడదు. ఒక ఏడాది చదువు కొనాలి. ఆ ఏడాది తర్వాత ఆగినా, దారి మారినా నష్టం తక్కువగా ఉండేలా చూసుకోవాలి. ఇప్పుడున్న నిబంధనలు ఇందుకు కొంత వీలు ఇస్తున్నాయి. చాలామంది తల్లిదండ్రులకు ఆ సంగతి తెలియదు.

మొదట ‘వద్దు’ వెనుక ఏముందో తెలుసుకోవాలి. అందరి ‘వద్దు’ ఒకటి కాదు. రెండేళ్ళు ఎంపీసీలో ఇష్టం లేని లెక్కలతో నలిగిన పిల్లవాడు డిగ్రీ అంటే మళ్ళీ అవే లెక్కలు అనుకుంటాడు. వాడికి బీఏ గానీ బీకాం గానీ చదవొచ్చని చెప్పినవారు ఉండరు. ఎంపీసీ చదివినవాడు బీఏలో చేరడం తప్పు కాదు, తక్కువతనమూ కాదు. మరొకడి భయం ఇంగ్లిష్. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లిష్ మాధ్యమంలోకి మారాయి. తెలుగు మీడియంలో ఇంటర్ చదివినవాడికి మొదటి సెమిస్టరులో పాఠం అర్థం కాదు, అడగడానికి సిగ్గు. అది బద్ధకంలా కనిపిస్తుంది కానీ బద్ధకం కాదు. ఇంకొకడికి ఇంట్లో అప్పు కనిపిస్తుంటుంది. సంపాదించాలని ఉంటుంది. వాడిని హాస్టల్లో పెట్టడం అంటే అప్పు పెంచడమే. మొదటివాడికి గ్రూపు మారాలి, రెండోవాడికి భాషలో సాయం కావాలి, మూడోవాడికి పని చేసుకుంటూ చదివే వీలుండాలి. ముగ్గురినీ ఒకే కాలేజీకి పంపి ఒకే ఫలితం ఆశించడం సరికాదు.

అసలు డిగ్రీ ఎందుకు? ఈ ప్రశ్న పిల్లవాడు అడుగుతాడు, జవాబు సూటిగా ఉండాలి. పోలీసు కానిస్టేబుల్‌కు ఇంటర్ చాలు, ఎస్సైకి డిగ్రీ కావాలి. బ్యాంకు క్లర్కు పరీక్షకు ఏదైనా డిగ్రీ ఉంటే చాలు. ఏపీపీఎస్సీ గ్రూప్-2కూ అంతే. బీఈడీకి, ఐసెట్ ద్వారా ఎంబీఏకు డిగ్రీ తప్పనిసరి. ఈ నోటిఫికేషన్లలో చాలావరకు ‘గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ’ అనే అడుగుతాయి. రెగ్యులరా, ఓపెనా అని అడిగేవి తక్కువ. 2022లో యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) ఈ మాటను స్పష్టం చేసింది. గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన దూరవిద్య డిగ్రీ, ఆన్‌లైన్ డిగ్రీ రెండూ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని ప్రకటించింది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఇప్పుడు డిగ్రీని క్రెడిట్లతో (చదివిన గంటలకు, పాసైన సబ్జెక్టులకు ఇచ్చే లెక్కతో) కొలుస్తున్నారు. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన చట్రం ప్రకారం మొదటి ఏడాది 40 క్రెడిట్లు తెచ్చుకుని, వేసవిలో నాలుగు క్రెడిట్ల వృత్తి కోర్సు చేస్తే సర్టిఫికెట్ ఇచ్చి పంపవచ్చు. రెండేళ్ళకు 80 క్రెడిట్లు, వాటితోపాటు అలాంటి వృత్తి కోర్సు ఉంటే డిప్లొమా. మూడేళ్ళకు 120తో డిగ్రీ. నాలుగో ఏడాది కూడా చదివి 160 పూర్తి చేస్తే ఆనర్స్. మధ్యలో ఆగినవారు మూడేళ్ళలోగా తిరిగి చేరవచ్చు, మొత్తం ఏడేళ్ళలో పూర్తి చేయాలి. 2021లో మొదలైన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి తెచ్చుకున్న క్రెడిట్లను దాచే ప్రభుత్వ ఆన్‌లైన్ ఖాతా) ఇందుకే. ఒక సంస్థలో సంపాదించినవి ఖాతాలో ఉంటాయి. వాటిని ఇంకో సంస్థ ఒప్పుకుంటే అక్కడ వాడుకోవచ్చు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఏడాది చదివి తెచ్చుకున్న సర్టిఫికెట్‌తో ఉద్యోగం వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. దాని విలువ వేరే చోట ఉంది. ఏడాది తర్వాత ఆగిన పిల్లవాడు రెండేళ్ళకు మనసు మార్చుకుంటే మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. అందుకే మొదటి ఏడాది ఏ సబ్జెక్టూ బ్యాక్‌లాగ్ లేకుండా పాస్ కావడం ముఖ్యం. ఫెయిలైన సబ్జెక్టుకు క్రెడిట్ రాదు. ఇంకో చిన్న పని కూడా ఉంది. టెన్త్ మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో కాలేజీలో చేరకముందే చూసుకోండి. ఒక్క అక్షరం తేడాతో ఈ ఖాతా ఆగిపోతుంది, ఫీజు దరఖాస్తు కూడా ఆగుతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంటు (ప్రభుత్వమే కాలేజీ ఫీజు కట్టే పథకం) పేరు ప్రభుత్వాలతోపాటు మారుతూ వచ్చింది. దాని లోపలి పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి. మాగాణి పదెకరాలు, మెట్ట ఇరవై ఐదెకరాలకు మించకూడదు. 75 శాతం హాజరు ఉండాలి. సీటు కన్వీనర్ కోటాలో, అంటే ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో వచ్చినదై ఉండాలి. స్పాట్ అడ్మిషన్లకు, మేనేజ్‌మెంట్ సీట్లకు ఇది రాదు. దూరవిద్యకూ రాదు.

ఈ నిబంధనలు ఇష్టం లేని విద్యార్థి మీద ఎలా పని చేస్తాయో చూడండి. వాడు కాలేజీకి సరిగా వెళ్ళడు. హాజరు 75 శాతం కంటే తగ్గుతుంది. రీయింబర్స్‌మెంటు ఆగుతుంది. అప్పుడు కాలేజీ ఆ ఫీజు తల్లిదండ్రులనే అడుగుతుంది. ఉచితం అనుకున్న సీటుకు ఏడాది చివర బిల్లు వస్తుంది. కౌన్సెలింగ్ దాటిపోయాక ‘ఎలాగో ఒప్పించాం’ అని ఆఖర్లో స్పాట్‌లో చేర్పిస్తే మొదటి రోజు నుంచే సొంత డబ్బు. అందుకే పిల్లవాడు ఔనన్నా కాదన్నా కౌన్సెలింగ్‌లో పేరు నమోదు చేయించి పెట్టండి. నమోదు చేసినంత మాత్రాన చేరినట్టు కాదు. చేరాలనుకున్న రోజు మాత్రం అది అక్కరకొస్తుంది. ఇంకో కోణం కూడా ఉంది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుల నిబంధనల్లో ఒక స్థాయి చదువు పాసైనవారు అదే స్థాయిలో మరో కోర్సు చదివితే సాయం ఉండదు. ఇష్టం లేని డిగ్రీ ఒకటి పూర్తి చేయించి, తర్వాత ఇష్టమైన డిగ్రీ చదివిద్దాం అనుకునేవారు ఈ నిబంధన గుర్తుంచుకోవాలి.

ప్రభుత్వ కళాశాలలో ఫీజే తక్కువ. కాబట్టి అక్కడ పిల్లవాడు మధ్యలో మానేసినా మీద పడే భారం తక్కువ. ప్రైవేటులో మానేస్తే రెండు చిక్కులు. ఒకటి ఫీజు, రెండు ఒరిజినల్ సర్టిఫికెట్లు. 2018 అక్టోబరులో యూజీసీ ఈ రెండింటి మీదా ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ఒరిజినల్స్ పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, కాలేజీ దగ్గర ఉంచుకోకూడదు. ప్రవేశాల ఆఖరి తేదీకి పదిహేను రోజులు లేదా అంతకంటే ముందు మానుకుంటే కట్టిన ఫీజు దాదాపు మొత్తం తిరిగి రావాలి. ఆఖరి తేదీకి పదిహేను రోజుల లోపు అయితే 90 శాతం, ఆ తేదీ దాటిన పదిహేను రోజుల వరకు 80 శాతం, ముప్పై రోజుల వరకు 50 శాతం. ఆ తర్వాత ఏమీ రాదు. దీని అర్థం ఏమిటి? మొదటి నెల చూసి మానుకుంటే నష్టం పరిమితం. ఆ గడువులు దాటేదాకా నాన్చితే పూర్తి నష్టం. కాబట్టి ఆ నెలలో పిల్లవాడు ఇంటికొచ్చి ఏం చెబుతున్నాడో వినాలి.

పని చేసుకుంటూ చదవాలనుకునేవారికి ఓపెన్ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఈ ఆలోచనకు తెలుగు నేలతో దగ్గరి బంధం ఉంది. బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడింది. మన దేశంలో అలాంటి మొదటి విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టింది. దాని మొదటి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి. 1985లో కేంద్రం ఇగ్నోను (ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని) స్థాపించినప్పుడు దానికీ మొదటి ఉపకులపతి ఆయనే. 1982 నాటి ఆ సంస్థే ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. అక్కడ తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదవవచ్చు. ఇంగ్లిష్ భయంతో చదువు మానేసినవారికి ఇది చాలా పెద్ద ఊరట. అయితే దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. రాష్ట్ర విభజన చట్టం పదో షెడ్యూలులో దాని పేరు ఉంది, ఉమ్మడి ప్రవేశాలకు ఆ చట్టం చెప్పిన పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. అందువల్ల ఆంధ్రప్రదేశ్ కేంద్రాల్లో మీరు చేరే ఏడాది ప్రవేశాలు ఉన్నాయో లేవో అధ్యయన కేంద్రంలో అడిగి తెలుసుకున్నాకే ఫీజు కట్టండి.

ఇగ్నోలో జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి, ఏడాదికి రెండుసార్లు చేరవచ్చు. పరీక్షలూ రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో. మూడేళ్ళ డిగ్రీని ఆరేళ్ళ దాకా సాగదీయవచ్చు. ఫీజు ఏ ఏడాదికి ఆ ఏడాది కట్టాలి, అదీ కొన్ని వేల రూపాయలే. పుస్తకాలు ప్రధానంగా ఇంగ్లిష్, హిందీల్లో ఉంటాయి. ఇందులో ఉన్న చిక్కు ఒక్కటే. ఎవరూ వెంటపడరు. అసైన్‌మెంట్లు రాసి ఇవ్వాలని గుర్తు చేసే లెక్చరర్ ఉండడు, హాజరు తీసుకునేవారు ఉండరు. చదువు అంటేనే ఇష్టం లేని పిల్లవాడు ఓపెన్‌లో చేరితే పుస్తకాల కట్ట విప్పకుండానే ఏడాది గడుస్తుంది. ఓపెన్ డిగ్రీ ‘చదువుతాను కానీ కాలేజీకి రాలేను’ అనేవారికి సరిపోతుంది. ‘చదవనే చదవను’ అనేవారికి సరిపోదు.

ఈ దారిలో మోసాలూ ఉన్నాయి. ఒక గది అద్దెకు తీసుకుని, ఏదో వేరే రాష్ట్రపు విశ్వవిద్యాలయం బోర్డు పెట్టి ‘పరీక్షకు వస్తే చాలు’ అనేవారిని నమ్మవద్దు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ పరిధి దాటి అధ్యయన కేంద్రాలు నడపకూడదు, కేంద్రాలను ఫ్రాంచైజీకి (కమిషన్ మీద ఇతరులకు నడపడానికి) ఇవ్వకూడదు. మూడేళ్ళ డిగ్రీ ఒకే ఏడాదిలో ఇప్పిస్తామన్నా అది చెల్లదు. దూరవిద్యలో చేరడానికి ఇప్పుడు విద్యార్థే యూజీసీ వెబ్‌సైట్‌లో డీఈబీ-ఐడీ (దూరవిద్య విభాగం ఇచ్చే గుర్తింపు సంఖ్య) సృష్టించుకోవాలి. ఆ విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో అదే సైట్‌లో కనిపిస్తుంది. ఐడీ అక్కర్లేదు అన్నవారి దగ్గర ఒక్క రూపాయి కూడా కట్టకండి.

ఆళ్ళగడ్డలో రాతిని శిల్పంగా మలిచే కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఇంటి పిల్లవాడు ఉలి పట్టుకుంటాను, పుస్తకం వద్దు అంటే దాన్ని మొండితనం అనలేను. వాడి చేతిలో విద్య ఉంది. వాడు ముందు పని నేర్చుకుని, రెండేళ్ళ తర్వాత బీకాం ఓపెన్‌లో చేరితే లెక్కలు, జీఎస్టీ, బ్యాంకు వ్యవహారం వాడి పనికే ఉపయోగపడతాయి. ఐటీఐ చేసి పనిలో చేరినవారికీ ఇదే దారి. రెగ్యులర్‌లో ఉన్నవారికి కూడా 2020-21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ (పని చేసే చోట శిక్షణ) ఒక భాగమైంది. మొదటి ఏడాది తర్వాత చేసే రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టును సొంత ఊళ్ళోనే చేయవచ్చు. తరగతి గది అంటే విసుగున్న పిల్లలు కొందరు ఆ రెండు నెలల్లో చురుగ్గా మారతారు.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. ‘అమ్మాయి చదవనంటోంది’ అని పెద్దలు చెప్పే మాట కొన్ని ఇళ్ళల్లో అమ్మాయిది కాదు. సాయంత్రం బస్సు ఎన్నింటికి, పెళ్ళి ఎప్పుడు అన్న భయాలు ఆమె నోట ‘వద్దు’ అనిపిస్తాయి. పగిడ్యాల నుంచి రోజూ వెళ్ళి రాగల నందికొట్కూరు కాలేజీ ఆ భయాన్ని సగం తీర్చగలదు. ఆమెను ఒంటరిగా అడగండి.

పగిడ్యాల చుట్టుపక్కల ఉండి, ఇంటికి వాడి సాయం అవసరం లేక, చదువు మీద మాత్రమే మనసు లేని పిల్లవాడికి నేను సూచించేది ఇదీ. కౌన్సెలింగ్ ద్వారా దగ్గర్లోని ప్రభుత్వ కళాశాలలో, ఇంటర్‌లో వాడిని నలిపిన సబ్జెక్టు లేని గ్రూపులో, ఒక్క ఏడాదికి అని మాట ఇచ్చి చేర్చండి. హాస్టల్ వద్దు. ఏడాది చివర మార్కులు చూసి కూర్చుని మాట్లాడండి. ఆ ఏడాది పాసై కూడా వద్దంటే ఆ మాటకు గౌరవం ఇవ్వండి, క్రెడిట్లు ఖాతాలో భద్రంగా ఉంటాయి. చేరే ముందు మాత్రం పిల్లవాడిని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్ళండి. లెక్చరర్లతో వాడినే మాట్లాడనివ్వండి. దరఖాస్తులో గ్రూపు పేరు వాడి చేత్తోనే రాయించండి.